ఆటోమేటిక్ పికప్‌లో గేర్‌బాక్సు ఆయిల్: ఇంటి దగ్గర మార్చుకోవడంలో అసలు చిక్కు ఎక్కడుంది?

విశాఖపట్నంలో ఆటోమేటిక్ గేర్లున్న పికప్ ట్రక్కు నడిపేవారికి, బండి 70, 80 వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఒక సందేహం వస్తుంది. బండితో ఇచ్చిన పుస్తకం చూస్తే గేర్‌బాక్సు ఆయిల్ ఎదుట ‘పరీక్షించాలి’ అన్న మాట ఒక్కటే కనబడవచ్చు, అసలు మార్చనక్కర్లేదని కూడా ఉండవచ్చు. గాజువాక ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్‌ను అడిగితే ఇప్పటికే ఆలస్యమైందంటారు. పాత బండ్ల బేరాలు చేసేవారు మాత్రం, ఇన్నేళ్లు కదపనిదాన్ని ఇప్పుడు కదిపితే గేర్‌బాక్సే పోతుందని హెచ్చరిస్తారు. ఇంజిన్ ఆయిల్‌ను ఇంటి ముందే మార్చుకునే అలవాటున్నవారికి ఇదీ అలాంటి పనే అనిపిస్తుంది. ఈ మాటలు ఒకదానితో ఒకటి పొసగకపోయినా, ప్రతిదానిలోనూ కొంత నిజం ఉంది. ఎంతవరకు నిజమో తేలాలంటే ఆ పెట్టెలో ఆయిల్ ఏం చేస్తుందో ముందు తెలియాలి.

‘ఆటోమేటిక్’ అన్న ఒక్క పేరు వెనుక వేర్వేరు యంత్రాలు

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనే పిలుస్తాం. ఆయిల్ విషయంలో గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఏఎంటీ అనేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే; క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అన్న రెండు పనులను మనిషికి బదులు మోటార్లు గానీ గాలి పీడనం గానీ చేస్తాయి. పోర్టు రోడ్ల మీద తిరిగే పెద్ద లారీలలో క్లచ్ పెడల్ లేనివి ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. వాటిలో ఉండేది చిక్కటి గేర్ ఆయిల్ కనుక ఈ వ్యాసంలోని చర్చ వాటికి వర్తించదు. విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీకి, రెండు క్లచ్‌ల డీసీటీకి వాటి వాటి ప్రత్యేక ద్రవాలున్నాయి. మనం మాట్లాడుకుంటున్నది టార్క్ కన్వర్టర్ ఉన్న సంప్రదాయ ఆటోమేటిక్ గురించి. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2016లో తెరుచుకున్న కర్మాగారంలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కు 2019లో ఈ రకం గేర్‌బాక్సు వచ్చింది. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్‌లోనూ ఆరు గేర్ల ఆటోమేటిక్ ఇదే రకానిది. గనుల్లో, నిర్మాణ స్థలాల్లో తిరిగే భారీ డంపర్లలో కనిపించే అలిసన్ గేర్‌బాక్సులూ ఈ కుటుంబానివే.

ఒకే ద్రవం చేసే నాలుగు పనులు

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం విసిరిన ఆయిల్ ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య, కొన్ని వేగాల్లోనైనా, ఉన్న బంధం ఆ ద్రవమే. దాని వెనుక ప్లానెటరీ గేర్లు, వాటిని పట్టి వదిలే క్లచ్ పలకలు ఉంటాయి; పంపు పుట్టించిన పీడనాన్ని వాల్వ్ బాడీ అనే సన్నటి దారుల చిక్కుముడి ఒక్కో క్లచ్‌కు పంచుతుంది. అంటే ఏటీఎఫ్ అని పిలిచే ఈ ఆయిల్ శక్తిని మోస్తుంది, పీడనంతో క్లచ్‌లను బిగిస్తుంది, గేర్లకు అరుగుదల తగ్గిస్తుంది, వేడిని కూలర్ దాకా తీసుకుపోతుంది.

వీటన్నిటికంటే సున్నితమైన బాధ్యత ఇంకొకటి ఉంది. ఇంజిన్ ఆయిల్ రాపిడిని ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఏటీఎఫ్ మాత్రం గేర్ల దగ్గర రాపిడిని తగ్గిస్తూనే, తనలోనే తడిసి ఉన్న క్లచ్ పలకల మధ్య కావలసినంత రాపిడిని నిలపాలి. పలకలు జారకూడదు, అలాగని ఒక్కసారిగా పట్టేసి బండిని కుదపకూడదు. ఈ తూకం కోసం కలిపే రసాయనాలే ఒక ఏటీఎఫ్‌కూ మరొక ఏటీఎఫ్‌కూ ఉన్న అసలు తేడా. జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్ గేర్‌బాక్సును తెచ్చింది, 1949లో ‘టైప్ ఏ’ పేరుతో ఈ ద్రవానికి ఒక ప్రమాణం ఏర్పరచింది. ఆ కాలంలో రాపిడి తూకం కోసం తిమింగలం నూనెను కలిపేవారు. 1970లలో అమెరికాలో దానిపై నిషేధం వచ్చినప్పుడు సరైన ప్రత్యామ్నాయం కుదుర్చుకోవడానికి రసాయన శాస్త్రజ్ఞులకు చాలా శ్రమ అయింది. సీసాలో ఎర్రగా కనిపించేది ఉత్త నూనె కాదన్న సంగతి ఆ ఒక్క ఉదంతంతో అర్థమవుతుంది.

దుకాణంలో ‘ఎర్ర ఆయిల్’ అడిగితే ఏమి ఇస్తారు?

మన దగ్గర స్పేర్ పార్టుల దుకాణాల్లో ఏటీఎఫ్ చాలాకాలంగా దొరుకుతోంది, కానీ అది ఎక్కువగా అమ్ముడుపోయింది పవర్ స్టీరింగ్ కోసం. అందువల్ల ‘ఏటీఎఫ్ ఇవ్వండి’ అంటే దుకాణదారు పాత టైప్ ఏ రకాన్నో, దాని తర్వాత జనరల్ మోటార్సే తెచ్చిన డెక్స్‌రాన్ ప్రమాణాల్లో 2 లేదా 3 రకాన్నో చేతిలో పెట్టే అవకాశం ఉంది. ఆయన చేసింది తప్పు కాదు, అడిగిన మాటలోనే వివరం లేదు.

తేడా ఎంతో చూద్దాం. డెక్స్‌రాన్ 3 ఆయిళ్ల చిక్కదనం 100 డిగ్రీల దగ్గర సుమారు 7 సెంటీస్టోక్స్ పైన ఉంటుంది. 2005లో వచ్చిన డెక్స్‌రాన్ 6 సుమారు 6 ఉంటుంది. టయోటా వాడే డబ్ల్యూఎస్ రకం ఐదున్నరకు అటూ ఇటూగా ఉంటుంది. కొత్త గేర్‌బాక్సుల సొలనాయిడ్లు (విద్యుత్తుతో కదిలే మీటలు), వాల్వులు, వాటిని నడిపే కంప్యూటర్ లెక్కలు అన్నీ ఆ పలుచటి ద్రవాన్ని ఊహించి రాసినవి. చిక్కటి పాతరకం పోస్తే గేరు పడే క్షణాలు మారిపోతాయి, రాపిడి గుణం కుదరకపోతే క్లచ్ పట్టేటప్పుడు బండి సన్నగా వణుకుతుంది. రంగును నమ్మడానికి వీల్లేదు: అది ఆయిల్ కారినప్పుడు గుర్తుపట్టడానికి కలిపే అద్దకం మాత్రమే, జెడ్‌ఎఫ్ అనే సంస్థ ఎనిమిది గేర్ల పెట్టెల్లో పోసే ఆయిల్ ఆకుపచ్చగా ఉంటుంది. డబ్బా మీద చూడవలసినది కంపెనీ పేరు కంటే ముందు, బండి పుస్తకంలో రాసిన ప్రమాణం పేరు. అలిసన్ పెట్టెలకైతే టీఈఎస్ 295, టీఈఎస్ 668 వంటి సంకేతాలుంటాయి.

‘జీవితకాలం సరిపోతుంది’ అన్న మాటకు అర్థం

బండి తయారీదారు మార్చనక్కర్లేదంటే అది అబద్ధమని కొట్టిపారేయడం న్యాయం కాదు. నేటి ఏటీఎఫ్ పాతరోజుల ద్రవంకంటే చాలా నిలకడైనది, గేర్‌బాక్సు లోపలికి మట్టి, పొగ చేరవు. సాధారణ పరిస్థితుల్లో వారు లెక్కవేసిన ఆయుష్షు వరకు ఆ ఆయిల్ నిలుస్తుందన్నది వారి పరీక్షల మాట. అయితే గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్ పెట్టెలకు 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్లకు, ఆయిల్ మార్చమని సిఫార్సు చేస్తోంది. రెండు మాటల మధ్య తేడా ‘జీవితకాలం’ అన్న పదాన్ని ఎవరు ఎంత పొడుగుగా తీసుకుంటున్నారన్న దానిలో ఉంది. బండి కొన్న మొదటి యజమాని అమ్మేదాకానా, ఇంజిన్ ఉన్నంతకాలమా?

ఆ ఆయుష్షును తినేది దూరం కంటే వేడి. రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఒక బండి తగరపువలస వైపు జాతీయ రహదారి మీద ఖాళీగా తిరుగుతూ ఆయిల్‌ను 85 డిగ్రీల దగ్గర ఉంచుతోందనుకుందాం. మరొకటి సరుకుతో అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరుతూ, దిగివచ్చాక ఎన్‌ఏడీ కూడలి రద్దీలో ఆగుతూ సాగుతూ తరచుగా 105 డిగ్రీలు చూస్తోందనుకుందాం. 20 డిగ్రీల తేడా అంటే ఆ వేడిలో గడిచిన ప్రతి గంటకూ నాలుగు గంటల వయసు. ఇద్దరి ఓడోమీటర్లూ 80 వేలే చూపవచ్చు, రెండు పెట్టెల్లోని ఆయిల్ మాత్రం ఒక వయసుది కాదు. పుస్తకాల్లో ‘కఠిన వినియోగం’ అని చిన్న అక్షరాల్లో రాసే వర్గంలోకి బరువు లాగడం, కొండదారులు, ఆగి ఆగి నడిచే రద్దీ వస్తాయి. నా అంచనాలో సరుకు మోసే విశాఖ పికప్‌లలో చాలా వాటికి ‘కఠినం’ అన్నదే మామూలు.

డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఎంత దిగుతుంది?

ఇంజిన్ ఆయిల్ అలవాటున్నవారు మొదట పొరపడేది ఇక్కడే. ఇంజిన్‌లో ప్లగ్ విప్పితే పాత ఆయిల్ దాదాపు అంతా దిగిపోతుంది. ఆటోమేటిక్ పెట్టెలో మాత్రం అడుగున తొట్టిలా ఉండే పాన్‌లో ఉన్నదే దిగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, వాల్వ్ బాడీ దారుల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. సాధారణంగా మొత్తంలో మూడోవంతు నుంచి సగం లోపే బయటికి వస్తుంది.

లెక్క సులభంగా ఉండటానికి మొత్తం 10 లీటర్లు పట్టే పెట్టె నుంచి ప్రతిసారీ 4 లీటర్లు దిగుతాయనుకుందాం. మొదటిసారి మార్చాక పాతది 60 శాతం మిగులుతుంది. కొంతదూరం నడిపి, బాగా కలిశాక మళ్లీ మారిస్తే పాతది 36 శాతం, మూడోసారికి 21.6 శాతం. మొత్తం 12 లీటర్ల కొత్త ఆయిల్ పోసినా ఐదోవంతుకు పైగా పాతదే. కూలర్ పైపు దగ్గర యంత్రం తగిలించి, పాతది వెళ్తుంటే కొత్తది ఎక్కించే పద్ధతిలో దాదాపు అదే పరిమాణంతో పాతది చాలామటుకు పోతుంది. యంత్రం వైపు వాదించేవారి బలం ఈ లెక్కలోనే ఉంది.

అయితే ఒక్కసారి మార్పును కాక, ఏళ్ల తరబడి చేసే అలవాటును లెక్కేస్తే చిత్రం వేరుగా కనిపిస్తుంది. అదే బండికి ప్రతి 30 వేల కిలోమీటర్లకు 4 లీటర్లు మారుస్తూ పోయారనుకుందాం. పెట్టెలోని ఆయిల్ సగటు వయసు మార్పుకు ముందు 75 వేల కిలోమీటర్లయితే, మార్చిన వెంటనే అది 60 శాతానికి, అంటే 45 వేలకు దిగుతుంది. ఇంకో 30 వేలు తిరిగేసరికి మళ్లీ 75 వేలు. అంటే సగటు వయసు ఎప్పటికీ ఆ గీత దాటదు. 75 వేలకు ఒకసారి యంత్రంతో పూర్తిగా మార్చేవారు కూడా మార్పు ముందు సరిగ్గా ఆ వయసు ఆయిల్‌తోనే తిరుగుతుంటారు. లక్షన్నర కిలోమీటర్లకు మొదటి పద్ధతిలో 20 లీటర్లు, రెండో పద్ధతిలో మార్పుకు 12 చొప్పున 24 లీటర్లు ఖర్చవుతాయి. ఇంటి దగ్గర అరకొరగా మార్చడం వృథా అన్న వాదం ఈ లెక్క ముందు నిలవదు. కాకపోతే ఆ అలవాటు బండి కొత్తలోనే మొదలుకావాలి.

మట్టం చూడటమే అసలు పరీక్ష

బోల్టు విప్పి బిగించడం చేతనైనవారికి ఈ పనిలో మిగిలే కష్టమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: పోసినది సరిపోయిందని తెలిసేదెలా? పాతకాలపు పెట్టెలకు, అలిసన్ వంటివాటికి డిప్‌స్టిక్ ఉంటుంది. అలిసన్ పెద్ద పెట్టెల డిప్‌స్టిక్ మీద రెండు పట్టీలుంటాయి: ఆయిల్ 16 నుంచి 49 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చూసే చల్లని పట్టీ ఒకటి, 71 నుంచి 93 డిగ్రీల మధ్య చూసే వేడి పట్టీ ఒకటి. కొత్త పికప్‌లలో చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు. దాని బదులు ఒక ఓవర్‌ఫ్లో ప్లగ్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉండగా, ఆ ప్లగ్ విప్పితే అదనపు ఆయిల్ కారి, సన్నటి చుక్కలుగా మారినప్పుడు మట్టం సరిపోయినట్టు.

వేడికి అంత ప్రాధాన్యం ఎందుకంటే ఆయిల్ వ్యాకోచిస్తుంది. ఒక్కో డిగ్రీకి దాని ఘనపరిమాణం సుమారు 0.0008 వంతు పెరుగుతుంది. 10 లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరితే పెరిగేది 10 × 50 × 0.0008, అంటే 0.4 లీటరు. చల్లగా ఉన్నప్పుడు నిండుగా ఉన్నది వేడెక్కాక ఎక్కువవుతుంది. తిరిగే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి, నురగతో పీడనం నిలవదు. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఆ లోపం సమతలం మీద బయటపడకపోయినా పాడేరు ఘాట్‌లో, ఆయిల్ అంతా పాన్‌లో ఒక మూలకు చేరినప్పుడు బయటపడవచ్చు.

మట్టం చూసే వేడి పరిధి సాధారణంగా 30 నుంచి 50 డిగ్రీల లోపు ఉంటుంది. జపాన్ తయారీ పెట్టెలు కొన్నిటిలో 35 నుంచి 45. చలిదేశాలవారి వివరణల్లో ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆ వేడికి తీసుకురమ్మని ఉంటుంది. విశాఖలో వేసవి మధ్యాహ్నం పరిస్థితి తలకిందులు. ఎండలో నిలిపిన బండిలో ఆయిల్ ఇంజిన్ తిప్పకముందే 35 డిగ్రీలు దాటి ఉండవచ్చు, ప్లగ్ కిందికి చేరేలోపే 50 దాటిపోవచ్చు. 65 డిగ్రీల దగ్గర చూసినవారు, 40 డిగ్రీల కొలత ప్రకారం ఉండవలసినదానికంటే 10 × 25 × 0.0008, అంటే 200 మిల్లీలీటర్లు అదనంగా కార్చేసి, అంతా సరిగ్గానే ఉందనుకుంటారు. తెల్లవారుజామున, బండి రాత్రంతా నిలిచి ఉన్నాక చేసే కొలత ఇక్కడ నమ్మదగినది. ఆయిల్ వేడి తెలియడానికి, బండి కంప్యూటర్ చెప్పేది చదివి చూపే ఓబీడీ స్కానర్ కావాలి. టయోటా బండ్లు కొన్నిటిలో మీటరు మీది ‘డీ’ దీపమే ఆ పని చేస్తుంది.

ఇంకో రెండు షరతులు ఉన్నాయి. కొలిచేటప్పుడు ఇంజిన్ నడుస్తుండాలి, ఎందుకంటే ఆగిన ఇంజిన్‌లో పై దారుల ఆయిల్ పాన్‌లోకి దిగి మట్టం లేని ఎత్తు చూపుతుంది. బండి నాలుగు చక్రాలూ ఒకే మట్టంలో ఉండాలి. కొండవాలుల్లో కట్టిన మన కాలనీల్లో ఇది వినడానికి ఉన్నంత తేలిక కాదు. ముందు భాగాన్ని మాత్రమే జాకీ మీద లేపి చూసిన కొలత లెక్కలోకి రాదు, అలా జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ప్రాణానికే ముప్పు. ఇంజిన్ నడుస్తున్న బండి కింద మనిషి ఉండే ఈ ఘట్టమే, నా దృష్టిలో, ఇంటి పనికీ షెడ్డు పనికీ నిజమైన సరిహద్దు. షెడ్డులో బండిని నాలుగు స్తంభాల లిఫ్ట్ సమానంగా ఎత్తుతుంది.

ఈ చిక్కుకు ఇళ్లలో చేసుకునేవారు కనుగొన్న మార్గం సరళమైనది: ఎంత దిగిందో కొలిచి అంతే పోయడం. మొదట మట్టం సరిగ్గా ఉండి, ఎక్కడా కారకుండా ఉంటే ఈ తర్కం సరైనదే. కాకపోతే దిగినది, పోసేది ఒకే వేడిలో ఉండాలి. 80 డిగ్రీల వేడిలో దింపిన 5 లీటర్లకు బదులు 30 డిగ్రీల కొత్త ఆయిల్ 5 లీటర్లు పోస్తే, అది వేడెక్కాక 200 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది. దింపినదాన్ని చల్లారనిచ్చి కొలిస్తే ఆ తేడా పోతుంది. పోసే ప్లగ్‌ను ముందుగా విప్పి చూడకుండా డ్రెయిన్ విప్పినవారు, పైది తుప్పుతో బిగుసుకుపోతే ఆయిల్ లేని బండితో మిగిలిపోతారు. ఉప్పుగాలి వీచే ఊరిలో ఇది ఊహించి చెబుతున్న మాట కాదు.

‘మారిస్తే పోతుంది’ అన్న భయానికి మూలం

ఈ భయం వెనుక నిజమైన సంఘటనలున్నాయి. అరిగిన క్లచ్ పలకల పొడి పాత ఆయిల్‌లో తేలుతూ కొంత పట్టు ఇస్తుందని, కొత్త ఆయిల్ ఆ ఆసరాను తీసేస్తుందని, పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారులకు అడ్డుపడవచ్చని మెకానిక్‌లు చెబుతారు. అయితే ఎక్కువమంది యజమానులు ఆయిల్ గురించి ఆలోచించేది గేరు జారడం మొదలయ్యాకే. అప్పటికే పాడవుతున్న పెట్టె, మార్చిన వారానికి ఆగిపోతే నింద ఆయిల్ మీద పడుతుంది. మార్చకపోయినా అది ఆగిపోయి ఉండేదా అన్నది ఎవరూ పరీక్షించరు. బాగా నడుస్తున్న పెట్టెకు ఈ భయం వర్తించదు. జారుతున్న పెట్టెకు ఆయిల్ మందు కాదు. మధ్యస్థంగా ఉన్నవాటికి, అంటే ఎక్కువ తిరిగి, ఎన్నడూ మార్చనివాటికి, ఒత్తిడితో కడిగే యంత్రం కంటే పాన్ దింపి కొంచెం కొంచెంగా మార్చడం మేలన్న వాదం నాకు సబబుగా తోస్తుంది. పాన్ దింపినప్పుడు అయస్కాంతాల మీద నల్లటి మెత్తటి ముద్ద కనిపించడం సహజం. మెరిసే పెచ్చులు, ముక్కలు కనిపిస్తే లోపల ఏదో విరిగినట్టు. ఆయిల్ ముదురు రంగుకు మారడం ఒక్కటే ప్రమాద సూచన కాదు, మాడు వాసన మాత్రం తీవ్రమైన సంకేతం.

ఒక రంగు గురించి విడిగా చెప్పాలి. దిగిన ఆయిల్ రోజ్ మిల్క్‌లా గులాబీ పాల రంగులో ఉంటే అందులో నీరు కలిసింది. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసి ఉండవచ్చు. లేదా వానాకాలంలో నిలిచిన నీటిలో బండి దిగినప్పుడు, వేడి పెట్టె ఒక్కసారిగా చల్లబడి గాలి గొట్టం గుండా నీటిని పీల్చుకొని ఉండవచ్చు. క్లచ్ పలకల మీది కాగితపు పొర నీటితో ఊడిపోతుంది. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకుంటే చాలదు, కారణం వెదకాలి.

దిగిన ఆయిల్ ఎక్కడికి పోవాలి?

షెడ్డులో ఎవరూ అడగని ఈ ప్రశ్న, ఇంటి దగ్గర చేసుకునేవారి మీదే పడుతుంది. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను ఆ వ్యర్థాల కోవలోనే చేర్చాయి. అది అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారులపైనా దాన్ని తిరిగి సేకరింపజేసే బాధ్యత ఉంది. ఇంటి ముందు కాలువలో పోసిన 4 లీటర్లు, ఈ ఊరి వాలును బట్టి, ఏదో ఒక గెడ్డలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరతాయి. మేఘాద్రిగెడ్డ వైపు వాలున్న చోట్ల అయితే అవి చేరేది నగరం తాగే నీటిలోకి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతదాన్ని నింపి, మూత బిగించి, ఆయిల్ కొన్న చోటో తెలిసిన సర్వీస్ సెంటర్‌లోనో ఇస్తే, వారి దగ్గర సేకరించే పీపాలో అది కలుస్తుంది. ఎంత దిగిందో కొలవడానికి ఎలాగూ డబ్బాలోకి పట్టక తప్పదు కనుక, ఇందుకు విడిగా చేయవలసిన పని లేదు.